తుఫాను పోయింది, ఫోన్లు మొదలయ్యాయి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు – డిసెంబరు 2024

ఈ శీర్షికలో మామూలుగా టాక్సులు, అద్దె అగ్రిమెంట్లు, ఆసుపత్రి బిల్లులు, ఇలా అమెరికా కాగితాల గోల రాస్తుంటాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక హరికేన్ల గురించే. సెప్టెంబరు 26న హెలీన్, అక్టోబరు 9న మిల్టన్. రెండు వారాలు తిరక్కుండా ఫ్లోరిడా పడమటి తీరానికి రెండు దెబ్బలు. హెలీన్ ఎక్కడో ఉత్తరాన పెర్రీ దగ్గర తీరం దాటినా టాంపా బే చుట్టుపక్కల సముద్రం ఇళ్ళలోకి వచ్చేసింది. మిల్టన్ సియెస్టా కీ దగ్గర దాటి, సముద్రానికి దూరంగా ఉన్నాం కదా అనుకున్నవాళ్ళని కూడా వానతో ముంచింది.

నేను హ్యూస్టన్‌లో చాలా ఏళ్ళు ఇన్సూరెన్స్ క్లెయిముల ఆఫీసులో పనిచేశాను. 2017లో హార్వీ వచ్చినప్పుడు బల్లకి అటువైపు కూర్చున్నదాన్ని. రిటైరయ్యాక అమ్మాయి వాళ్ళ దగ్గరికి టాంపా వచ్చాను. తుఫాన్లూ నా వెనకే వచ్చాయి. ఈ నెల మిగతా ఉత్తరాలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రం ఇచ్చాను.

ప్రశ్న: ఆంటీ, మిల్టన్ రాత్రి ఇంటి వెనక చెరువు పొంగి గరాజ్‌లోంచి హాల్లోకి నీళ్ళు వచ్చాయి. ఫ్లడ్ ఇన్సూరెన్స్ లేదు. మేమిద్దరం హెచ్-1బీ మీద ఉన్నాం. బాబుకి రెండేళ్ళు, ఇక్కడే పుట్టాడు. ఫెమాకి (విపత్తుల్లో సహాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) అప్లై చేస్తే గ్రీన్ కార్డుకి దెబ్బ అని వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. ఇంకొకాయన 250 డాలర్లిస్తే తనే అప్లై చేసిపెడతానంటున్నాడు. ఏం చేయమంటారు? – వెస్లీ చాపెల్

జవాబు: ముందు ఆ 250 డాలర్ల ఆయన సంగతి తేల్చుకుందాం. ఫెమాకి అప్లై చేయడానికి పైసా ఖర్చు లేదు. డిజాస్టర్ అసిస్టెన్స్ డాట్ గవ్‌లో మీరే చేసుకోవచ్చు. 1-800-621-3362కి ఫోన్ చేసినా చాలు, ఇంగ్లీషు ఇబ్బందైతే మాటలు అనువదించే మనిషి కావాలని అడగవచ్చు. దగ్గర్లో డిజాస్టర్ రికవరీ సెంటర్ తెరిచి ఉంటే అక్కడికి వెళ్ళి కూర్చుంటే వాళ్ళే నింపిపెడతారు. ఆయనకి మీరిచ్చేది 250 డాలర్లు ఒక్కటే కాదమ్మా. బాబు సోషల్ సెక్యూరిటీ నంబరు (ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు), మీ బ్యాంకు ఖాతా నంబరు, మీ అడ్రసు కూడా ఆయన చేతిలో పెడుతున్నారు. అవి ఆయన ఫోన్‌లో ఎన్నాళ్ళుంటాయో, అక్కణ్ణుంచి ఎక్కడికి పోతాయో మీకు తెలియదు.

ఇక అసలు ప్రశ్న. ఫెమా డబ్బు సహాయానికి అర్హత అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి, శరణార్థుల్లాంటి మరికొన్ని వర్గాలకి ఉంటుంది. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వీసాలు ఆ లెక్కలోకి రావు. అయితే అర్హత ఉన్న మనిషి మీ ఇంట్లో ఒకడున్నాడు, వయసు రెండేళ్ళు. పద్దెనిమిదేళ్ళు నిండని బిడ్డ పౌరుడై ఉండి మీతోనే ఉంటుంటే, వాడి తరఫున తల్లో తండ్రో అప్లై చేయవచ్చు. వాడి సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి. డబ్బు వస్తే మీ ఖాతాలోనే పడుతుంది.

ఇక్కడ ఒక్క కాగితం దగ్గర మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చదవండి. 'డిక్లరేషన్ అండ్ రిలీజ్' అని ఒక పేజీ ఉంటుంది. దాని మీద వరసగా గడులుంటాయి. ఒకటి, నేను అమెరికా పౌరుణ్ణి అని. ఇంకొకటి, నేను 'క్వాలిఫైడ్ ఏలియన్'ని (గ్రీన్ కార్డు లాంటి అర్హత ఉన్న విదేశీయుణ్ణి) అని. మరొకటి, నాతో ఉంటున్న మైనరు బిడ్డకి ఆ అర్హత ఉంది, నేను వాడి తల్లిని లేదా తండ్రిని అని. పక్కనే బిడ్డ పేరు, వయసు రాయడానికి చోటుంటుంది. మీ గడి ఆ బిడ్డ పేరున్న గడి. తొందరలోనో, 'అన్నీ నేను చూసుకున్నాను, మీరు సంతకం పెట్టండి' అని ఆయన అన్నందుకో పౌరుణ్ణి అన్న గడిలో టిక్కు పడిందంటే, లేని పౌరసత్వం ఉందని చెప్పుకున్నట్టవుతుంది. ఇమిగ్రేషన్ చట్టంలో దానికి క్షమాపణ దాదాపు లేదు. గ్రీన్ కార్డుకి నిజంగా ఎసరు పెట్టేది అదీ. సహాయం అడగడం కాదు. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన పబ్లిక్ చార్జ్ నియమం (ప్రభుత్వం మీద భారమవుతారా అని చూసేది) ప్రకారం విపత్తు సహాయాన్ని మీకు వ్యతిరేకంగా లెక్కకట్టరు.

వాట్సాప్ గ్రూపులో ఇంకో మాట కూడా తిరుగుతోంది, 'ఫెమా ఇచ్చేది 750 డాలర్లే, అదీ అప్పే' అని. రెండూ తప్పే. అది తిండి, నీళ్ళు, పాలపొడి, మందుల లాంటి వెంటనే పడే అవసరాలకి ముందుగా ఇచ్చే మొత్తం. హెలీన్‌కి 750, మిల్టన్‌కి 770. తిరిగి కట్టక్కర్లేదు. ఇంటి రిపేరుకి, తాత్కాలికంగా వేరేచోట ఉండటానికి, పాడైన సామాన్లకి ఇచ్చేవి వేరే పద్దులు. అవి ఇల్లు చూశాక తేలుస్తారు. ఫ్లోరిడాలో ఈ రెండు తుఫాన్లకీ గడువు 2025 జనవరి 7గా పెట్టారు. పండగ తర్వాత చూద్దాంలే అనుకునేవాళ్ళకి, సంక్రాంతికి ముందే అయిపోయే గడువు అది.

మీ ఉత్తరం చివర 'ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ గవర్నమెంటు ముందు చెయ్యి చాచడమా' అని రాశారు. మాది దివిసీమ. 1977 నవంబరులో ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. బియ్యం పంచుతుంటే మా నాన్నగారు లైన్లో నిలబడనన్నారు. ఇంట్లో గింజ లేదు, అయినా నిలబడనన్నారు. మా అమ్మ నెత్తిన చెంగు కప్పుకుని వెళ్ళి తెచ్చింది. ఆ సిగ్గు వల్ల మా నాన్నగారికి ఒరిగిందేమీ లేదు. మీరు ప్రతి జీతంలోనూ టాక్సు కడుతున్నారు. అప్లై చేయండి.

ప్రశ్న: నేను ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువుతున్నాను. పెళ్ళి కాలేదు. అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో నీళ్ళొచ్చి మంచం, లాప్‌టాప్ పోయాయి. నాకేమైనా వస్తుందా? – టాంపా

జవాబు: ఫెమా డబ్బు రాదు బాబూ. కానీ షెల్టరు, భోజనం, నీళ్ళు, కౌన్సెలింగు, ఉచిత న్యాయ సలహా లాంటివాటికి వీసా అడగరు. రెడ్ క్రాస్ కూడా అడగదు. 211కి ఫోన్ చేస్తే మీ కౌంటీలో ఎవరు ఏమిస్తున్నారో చెబుతారు. యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకెళ్ళి అత్యవసర నిధి ఉందేమో అడగండి. లీజు తీసి చూడండి, చాలా కాంప్లెక్సుల్లో రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్ళ సామాన్లకి బీమా) తప్పనిసరి కాబట్టి మీకు తెలియకుండానే కట్టేస్తూ ఉండొచ్చు. వరదనీటికి అది మామూలుగా పనికిరాదు, కానీ పైకప్పు ఎగిరి వాన పడితే పనికొస్తుంది. నీళ్ళు ఎటునుంచి వచ్చాయన్నది అందుకే ముఖ్యం.

ప్రశ్న: మిల్టన్ వెళ్ళిన మూడో రోజు ఒకతను తలుపు కొట్టి 'ఫ్రీగా రూఫ్ చూస్తాను' అన్నాడు. తీసుకొచ్చింది మన తెలుగాయనే, గుళ్ళో చాలాసార్లు చూశాం. రూఫ్ మొత్తం ఇన్సూరెన్స్ వాళ్ళే వేస్తారు, డిడక్టిబుల్ (నష్టంలో ముందు మనం పెట్టుకోవాల్సిన వాటా) కూడా మీరు కట్టక్కర్లేదు అన్నాడు. పైకెక్కడానికి పర్మిషన్ అని టాబ్లెట్ మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇప్పుడు కాంట్రాక్టు అయిపోయింది, క్యాన్సిల్ చేస్తే 20 శాతం కట్టాలంటున్నాడు. – బ్రాండన్

జవాబు: ఈ టాబ్లెట్ ఆట గురించి కాస్త వివరంగా రాయనివ్వండి, ఎందుకంటే ఈ నెల ఇదే ఉత్తరం వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చింది. అతను టాబ్లెట్‌ని తన చేత్తోనే పట్టుకుంటాడు, మీ చేతికివ్వడు. మీకు కనిపించేది సంతకం గడి, దాని పైన ఒకటి రెండు లైన్లు. వేలితో కిందకి లాగితే పైన పేజీలకి పేజీలు బయటపడతాయి. అందులో ఇన్సూరెన్స్ ఎంతిస్తే అంతకి పని మొత్తం మాకే అని, క్యాన్సిల్ చేస్తే ఇంత శాతం అని ఉంటుంది. మీరు వేలితో గీసింది 'పర్మిషన్' కాదు. ఇకమీదట ఎవరైనా సంతకం అడిగితే ఒకే మాట చెప్పండి: 'ఈమెయిల్ చేయండి, రేపు చదివి చెబుతాను' అని. నిజమైన రూఫర్ రేపు కూడా ఉంటాడు.

ఇప్పుడు మీ పని. సంతకం తేదీ చూసుకోండి. గవర్నరు ఎమర్జెన్సీ ప్రకటించిన తుఫాను కారణంగా రూఫ్ కాంట్రాక్టు రాసుకుంటే, సంతకం పెట్టిన 10 రోజుల్లోపు, లేదా పని మొదలుపెట్టే తేదీ లోపు, ఏది ముందైతే అప్పటిదాకా జరిమానా లేకుండా రద్దు చేసుకునే హక్కు 2024 నుంచి ఫ్లోరిడా చట్టం ఇచ్చింది. ఆ గడువు దాటిపోయి ఉంటే రెండో దారి పట్టండి. డిడక్టిబుల్ కట్టక్కర్లేదని కాంట్రాక్టరు అనడం ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం. ఆ మాట అతను టెక్స్ట్‌లో గాని, కరపత్రం మీద గాని అని ఉంటే ఫోటో తీసి దాచండి. ఆ సాక్ష్యం మీ దగ్గరుందని తెలిస్తే 20 శాతం మాట చాలామంది వెనక్కి తీసుకుంటారు. మై ఫ్లోరిడా లైసెన్స్ డాట్ కామ్‌లో అతని లైసెన్స్ నంబరు కొట్టి చూడండి. కంపెనీ పేరు, లైసెన్స్ మీద పేరు, కాంట్రాక్టు మీద పేరు మూడూ ఒకటే కావాలి. వేరొకరి లైసెన్స్ మీద పని చేసేవాళ్ళు తుఫాను తర్వాత ఎక్కువ.

ఇన్సూరెన్స్ హక్కులే అతనికి రాసిచ్చేశానేమో అని భయపడుతున్నారు. దాన్ని అసైన్‌మెంట్ ఆఫ్ బెనిఫిట్స్ అంటారు. 2023 జనవరి 1 తర్వాత ఇచ్చిన ఇంటి పాలసీల మీద అది ఫ్లోరిడాలో చెల్లదు. కాబట్టి ఆ టెన్షన్ వదిలేయండి.

క్లెయిము మాత్రం మీరే, మీ నోటితో, కంపెనీకి ఫోన్ చేసి వేయండి. తుఫాను రోజు నుంచి ఏడాది లోపు చెప్పాలి. డిడక్టిబుల్ దగ్గర మనవాళ్ళు మోసపోయేదెక్కడంటే, హరికేన్ డిడక్టిబుల్ మామూలు దానిలా వెయ్యో రెండు వేలో ఉండదు. ఇంటి కవరేజీలో 2 శాతమో 5 శాతమో ఉంటుంది. 4 లక్షల డాలర్ల కవరేజీకి 2 శాతమంటే 8 వేలు. మీకు 6 వేల నష్టమైతే కంపెనీ ఒక్క డాలరూ ఇవ్వదు. ఆ సంగతి రూఫరుకి తెలుసు, మీకు తెలియదు. ఒక ఊరట ఉంది. ఒకే కంపెనీ దగ్గర ఉంటే ఫ్లోరిడాలో హరికేన్ డిడక్టిబుల్‌ని ఏడాది మొత్తానికి కలిపి లెక్కకట్టాలి. హెలీన్‌లో ఫెన్సు పోతే 'ఇదేం వస్తుందిలే' అని ఊరుకుని ఉంటే, ఆ నష్టం కూడా ఇప్పుడు రిపోర్టు చేయండి. అది మిల్టన్ డిడక్టిబుల్‌ని తగ్గిస్తుంది. నేను పనిచేసిన రోజుల్లో ఇలాంటి వివరం అడిగిన కస్టమరు చాలా అరుదు, అడగనివాళ్ళకి చెప్పే తీరిక మాకూ ఉండేది కాదు.

పబ్లిక్ అడ్జస్టర్‌ని (శాతం తీసుకుని మీ తరఫున క్లెయిము నడిపే మనిషిని) పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు. పెద్ద నష్టానికి ఫరవాలేదు. ఎమర్జెన్సీ ప్రకటించిన తుఫాను క్లెయిముల మీద మొదటి ఏడాది అతను 10 శాతం మించి తీసుకోకూడదు. 20 అంటే తలుపు చూపించండి.

గుళ్ళో కనిపించే ఆయన గురించి. ఒక్కో ఇంటికి ఆయనకి కమిషన్ ముట్టి ఉండొచ్చు. మొహమాటం లేకుండా అడగండి, 'అన్నయ్యగారూ, మీకు ఇందులో ఎంతొస్తుంది?' అని.

ప్రశ్న: ఫెమా ఇన్‌స్పెక్టర్‌నని ఒకతను ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాంకు రౌటింగ్ నంబరు కన్ఫర్మ్ చేయమన్నాడు. ఫెమా అని రాసున్న టీ షర్టుతో ఇంకొకతను ఇంటికీ వచ్చాడు. ఎవరు నిజం? – సరసోటా

జవాబు: ఫోనాయన దొంగ. మీ తొమ్మిదంకెల రిజిస్ట్రేషన్ నంబరు అసలు ఇన్‌స్పెక్టర్ దగ్గర ముందే ఉంటుంది, మిమ్మల్ని అడగడు. బ్యాంకు వివరాల జోలికి పోడు, ఫీజు అడగడు, ఫలానా కాంట్రాక్టర్‌తో పని చేయించుకోండి అనడు. టీ షర్టు ఎవరైనా కుట్టించుకోవచ్చు, చూడాల్సింది ఫోటో ఉన్న గుర్తింపు కార్డు. దాన్ని తలుపు తీయకముందే అద్దంలోంచి చూపించమనండి, అసలువాళ్ళు ఏమీ అనుకోరు. అనుమానం వస్తే పంపించేసి నేను పైన ఇచ్చిన హెల్ప్‌లైన్‌కే ఫోన్ చేయండి. మీకు ఫోన్ చేసినవాడు ఇచ్చిన నంబరుకి కాదు.

నంబర్లు చెప్పేశానని రాశారు కాబట్టి ఈరోజే బ్యాంకుకి చెప్పండి. విపత్తు మోసాల ఫిర్యాదుకి జాతీయ కేంద్రం 866-720-5721. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరున ఇంకొకరు అప్పు తీయకుండా ఆపేది) పెట్టండి, ఉచితమే. 'మీ సోషల్ సెక్యూరిటీ నంబరు మీద ఇప్పటికే అప్లికేషన్ ఉంది' అని ఫెమా అంటే మీ పేరుతో ఎవరో ముందే వేసేశారన్నమాట. అప్పుడు మీది వదిలేసుకోకుండా, మోసం జరిగిందని హెల్ప్‌లైన్‌లో రిపోర్టు రాయించుకుని మీ అప్లికేషన్ మీరు వేయండి.

ప్రశ్న: షోర్ ఏకర్స్‌లో మా ఇంట్లో హెలీన్‌కి మోకాలి లోతు నీళ్ళు. గ్రీన్ కార్డు ఉంది, ఫ్లడ్ ఇన్సూరెన్సూ ఉంది. ఫెమాకి అప్లై చేస్తే 'మీరు అర్హులు కారు' అని లెటరొచ్చింది. వదిలేయమంటారా? – సెయింట్ పీటర్స్‌బర్గ్

జవాబు: ఆ లెటరు రెండో పేరా దాకా చదివారా అండీ? చాలామంది మొదటి లైను చూసి చించేస్తారు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి మొదట వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఇదే. ఒకే నష్టానికి రెండుచోట్ల డబ్బు ఇవ్వకూడదని చట్టం. అందుకని ఇన్సూరెన్స్ ఎంతిచ్చిందో, లేదా ఇవ్వనందో ఆ కాగితం పంపమంటారు. లెటరు తేదీ నుంచి 60 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. పంపే ప్రతి పేజీ మీదా మీ రిజిస్ట్రేషన్ నంబరు, విపత్తు నంబరు రాయండి. విడిపోయిన పేజీ ఏ ఫైలుదో ఎవరికీ తెలియదు. అలాంటి పేజీలతో నిండిన డబ్బాలు నేను చూశాను.

ఫ్లడ్ పాలసీ ఫెమా నడిపే పథకం కిందిదే అయినా, ఫెమా సహాయం వేరు, ఆ పాలసీ క్లెయిము వేరు. ఒకటి వేస్తే రెండోది వేసినట్టు కాదు. ఆ పాలసీలో ఇంటికి 2,50,000 డాలర్లు, సామాన్లకి 1,00,000 దాకా ఉంటుంది. సామాన్లది విడిగా కొన్నారో లేదో పాలసీ ముందుండే డెక్లరేషన్ పేజీలో చూసుకోండి. పైగా ఎస్‌బీఏ (స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్) నుంచి కాల్ వస్తే 'మాకు వ్యాపారం లేదు' అని పెట్టేయకండి. పేరులో వ్యాపారం ఉన్నా విపత్తులో మామూలు ఇళ్ళకి అప్పులిచ్చేది వాళ్ళే, ఇంటికి 5 లక్షల దాకా, సామాన్లకి లక్ష దాకా. 2024 అక్టోబరు మధ్యలో వాళ్ళ దగ్గర డబ్బు అయిపోయింది. అయినా అప్లికేషన్లు తీసుకోవడం ఆపలేదు. 

ఒక్క హెచ్చరిక. 'పర్మిట్ లేకుండా వారంలో డ్రైవాల్ (లోపలి గోడ పలకలు) వేసేస్తాను' అనేవాడు మీ వీధిలోనే తిరుగుతుంటాడు. రిపేరు ఖర్చు, స్థలం విలువ కాక కట్టడం విలువలో సగానికి చేరితే వరద ప్రాంతంలో ఇల్లు ఎత్తు పెంచాల్సి వస్తుంది. ఆ లెక్క తేలకుండా పని మొదలుపెడితే వేసిన గోడ మళ్ళీ విప్పమంటారు. ఎత్తు పెంచడానికి మీ ఫ్లడ్ పాలసీలోనే 30,000 దాకా ఉండే భాగం ఒకటుంది, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కకట్టే అడ్జస్టర్‌ని 'ఐసీసీ' (ఇంక్రీజ్డ్ కాస్ట్ ఆఫ్ కంప్లయన్స్) అని అడగండి. ఇక అడ్వాన్సు. కాంట్రాక్టు మొత్తంలో 10 శాతానికి మించి తీసుకున్న కాంట్రాక్టరు 30 రోజుల్లో పర్మిట్‌కి అప్లై చేయాలని ఫ్లోరిడా చట్టం. పర్మిట్ మీ పేరుతో తీయమంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. మిల్టన్ వచ్చిన మర్నాడు మా అబ్బాయి ఫోటోతో కొత్త నంబరు నుంచి వాట్సాప్ వచ్చింది. 'అమ్మా, ఫోన్ నీళ్ళలో పడింది, ఫ్రెండ్ ఖాతాకి లక్షన్నర రూపాయలు పంపు, హోటల్‌కి కట్టాలి' అని. వేసేశాం. అబ్బాయి మర్నాడు తన నంబరు నుంచి మాట్లాడి నేనేమీ అడగలేదన్నాడు. పరువుపోతుందని ఎవరికీ చెప్పలేదు. – రాజమండ్రి

జవాబు: చెల్లెమ్మా, పరువు సంగతి తర్వాత. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, బ్యాంకు మెసేజిలో ఉండే లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకోండి. పంపిన గంటల్లోనే చేసి ఉంటే ఆ ఖాతాలో డబ్బు ఆపించడానికి వీలుండేది, ఇప్పుడు ఆశ తక్కువ. అయినా చేయండి. అదే ఖాతాలోకి ఇంకో తల్లి వేయకుండా ఆగుతుంది. వాట్సాప్ చాటింగు చెరిపేయకండి.

మీరు డబ్బు వేసింది రాజమండ్రి నుంచి ఇండియాలోనే ఉన్న ఒక ఖాతాకి. ఫ్లోరిడాలో హోటల్ బిల్లుకి ఇండియా ఖాతాతో పనేమిటి? ఆ క్షణంలో ఎవరికీ తట్టదు, భయం అలాంటిది. టీవీలో టాంపా మునిగిన బొమ్మలు చూపిస్తున్నారని, అక్కడ టవర్లు పడిపోయి పిల్లలు ఫోన్ ఎత్తరని వాళ్ళకీ తెలుసు. అందుకే ఆ రోజే చేశారు. మీ అబ్బాయితో మాట్లాడి, ఫేస్‌బుక్‌లో దొరకని ప్రశ్న ఒకటి అనుకోండి. పుట్టినరోజు, ఊరిపేరు పనికిరావు. చిన్నప్పుడు వాడు ఏ కూర చూస్తే పళ్ళెం తోసేసేవాడో అడగండి. తుఫాను రోజుల్లో వాట్సాప్ పనిచేయకపోయినా మామూలు మెసేజి చాలాసార్లు వెళ్తుంది. 'బాగున్నాను' అని ఒక్క ముక్క ముందుగా పెట్టమని వాడికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: బాధితుల కోసం మా కుర్రాళ్ళు జెల్ (ఫోన్లోంచి డబ్బు పంపుకునే పద్ధతి) ద్వారా డబ్బు పోగుచేస్తున్నారు. ఇవ్వవచ్చా? – డాలస్

జవాబు: ఎవరికి చేరుతుందో పేరుతో చెప్పగలిగితే, చేరాక రసీదు చూపిస్తే ఇవ్వండి. ముక్కూమొహం తెలియని సంస్థలైతే ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) సైటులో పన్ను మినహాయింపు జాబితాలో పేరు చూడండి. పేరులో ఒక్క అక్షరం తేడాతో నకిలీలు పుట్టుకొస్తాయి. గిఫ్ట్ కార్డులో, క్రిప్టోలో అడిగితే ఆలోచించక్కర్లేదు.

ప్రశ్న: మా ఇంటి మీద పడిన ఓక్ కొమ్మ తీయడానికి ఒకతను ముందు 6,000 నగదు ఇమ్మన్నాడు. ధరలు పెరగడం మామూలేనా? – లేక్‌లాండ్

జవాబు: పెరుగుతాయి, కానీ ఇంత కాదు. రాష్ట్ర అటార్నీ జనరల్ ఫిర్యాదు లైను 1-866-966-7226. నగదు ముందు ఇవ్వకండి. అతనికి లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందో లేదో కాగితం అడగండి, కొమ్మ ఇంకో పక్కకి పడి పక్కింటివాళ్ళ కారు నలిగితే మీ మెడకి చుట్టుకుంటుంది.

ప్రశ్న: ఆంటీ, మాస్టర్స్ అయిపోయి ఉద్యోగం వచ్చింది. ఒక కామ్రీ కారు మార్కెట్ కంటే నాలుగు వేలు తక్కువకి దొరుకుతోంది. లోపల కొత్తగా ఉంది. అమ్మేవాడు ఫ్లోరిడా నుంచి తెచ్చానన్నాడు. నా ఫ్రెండ్ వద్దంటున్నాడు. – షార్లెట్

జవాబు: నీ ఫ్రెండ్‌కి టీ ఇప్పించు. తుఫానులో మునిగిన కార్లు ఆ ఊళ్ళో అమ్ముడుపోవు. కడిగి, కార్పెట్ మార్చి, నీలాంటి కొత్త ఉద్యోగస్తులుండే ఊళ్ళకి తోలుతారు. రాష్ట్రం మారినప్పుడు టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద 'ఫ్లడ్' అన్న ముద్ర మాయం చేసేవాళ్ళూ ఉన్నారు. ఎన్ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాల మీద పనిచేసే సంస్థ) వాళ్ళ విన్‌చెక్‌లో కారు విన్ నంబరు (ఛాసిస్ నంబరు) ఉచితంగా కొట్టి చూడు. అందులో ఏమీ లేకపోయినా నమ్మకం లేదు, ఇన్సూరెన్స్ క్లెయిము వేయని కారు అందులోకి ఎక్కదు.

కారు దగ్గరికి పగటిపూట వెళ్ళు. ముందు సీటు బెల్టు చివరిదాకా, ఇక రానంతవరకు లాగు. కడిగేవాడు రోజూ కనిపించే భాగం కడుగుతాడు, లోపల చుట్టుకుని ఉండేదాన్ని మర్చిపోతాడు. అక్కడ బురద చార గాని, గోధుమరంగు మరక గాని కనిపిస్తే వచ్చేయ్. డిక్కీలో స్టెప్నీ ఎత్తి దాని కింద గుంటలో వేలు పెట్టి చూడు, సన్నటి ఇసుక తగులుతుందేమో. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, హెడ్‌లైటు లోపల ఆవిరి ఉందా చూడు. ఏసీ వేయకముందు అద్దాలన్నీ మూసి ఐదు నిమిషాలు లోపల కూర్చో. ముక్కిన వాసనో, దాన్ని కప్పడానికి కొట్టిన అత్తరు వాసనో తెలిసిపోతుంది. హైబ్రిడ్ అయితే ఇంకా జాగ్రత్త, ఉప్పునీళ్ళు తాగిన బ్యాటరీ రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు.

ఇవన్నీ బాగున్నాయనుకున్నా, నీకు నచ్చిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తానను. వద్దు, టైము లేదు, ఇంకొకరు అడ్వాన్సు ఇస్తున్నారు అంటే ఇచ్చుకోనివ్వు.